సామాన్యుల వైపు నుంచి భారతదేశ చరిత్ర: పిల్లలకు చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

బడిపంతులు (అనంతపురం) ప్రశ్న:

అందరికీ నమస్కారం. ముప్పై ఏళ్లకు పైగా ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. మా ఊరి గ్రంథాలయానికి వచ్చే ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లల కోసం, బ్రిటిష్ పాలన నాటి భారతదేశ చరిత్రను సామాన్య జనం వైపు నుంచి చెప్పే చిన్న పుస్తకం ఒకటి రాయాలని పూనుకున్నాను. మొదటి అధ్యాయం పూర్తి చేసి, తీరిగ్గా చదువుకుని, పక్కన పెట్టేశాను. గవర్నర్ జనరళ్ల పేర్లు, యుద్ధాలు, ఒప్పందాలు, చట్టాలు అన్నీ పాఠ్యపుస్తకంలో ఉన్న వరుసలోనే వచ్చి చేరాయి. జనం మాత్రం "లక్షలాది మంది రైతులు నష్టపోయారు" వంటి వాక్యాలలో తప్ప మరెక్కడా కనిపించలేదు.

ఈ ఆలోచన నాకు ఎలా కలిగిందో చెప్పుకోవాలి. చాలా ఏళ్ల కింద ఒక రోజు తరగతిలో, 1877 జనవరి 1న వైస్రాయి లిట్టన్ ప్రభువు ఢిల్లీలో జరిపిన దర్బారు గురించి, అక్కడ విక్టోరియా రాణిని కైజర్-ఇ-హింద్‌గా, అంటే భారత సామ్రాజ్ఞిగా ప్రకటించడం గురించి చెబుతున్నాను. వెనక వరుసలోని ఒక అమ్మాయి లేచి, "సార్, ఆ దినం మన ఊర్లో ఏం తిన్నారు?" అని అడిగింది. పిల్లలందరూ నవ్వారు. నాకు జవాబు తెలియలేదు. సాయంత్రం ఇంటికి నడుస్తుంటే మా అవ్వ గుర్తుకు వచ్చింది. మేము కంచంలో అన్నం వదిలేస్తే ఆమె ఎప్పుడూ "ధాత కరువు చూసినోళ్ల కడుపున పుట్టినోళ్లం, ఇట్లా వదిలేది పాపం" అనేది. ఆ కరువు ఆమె కళ్లారా చూసింది కాదు, వాళ్లమ్మ చెప్పగా విన్నది. ధాత నామ సంవత్సరం అంటే 1876-77. ఢిల్లీలో దర్బారు జరిగిన నాటికి బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలలో జనం తిండి లేక ఊళ్లు విడిచి రోడ్లెక్కారు. మా ఊరు అప్పటికి బళ్లారి జిల్లాలోనే ఉంది. అనంతపురం వేరే జిల్లా అయింది 1882లో. ఈ రెండు సంగతులూ నాకు విడివిడిగా తెలుసు. ఒకటి పాఠంగా, మరొకటి ఇంటి మాటగా తెలుసు. అవి రెండూ ఒకే నాటివని మాత్రం ఆ అమ్మాయి అడిగేదాకా నాకు తట్టలేదు.

కాబట్టి పెద్దలను అడుగుతున్నాను. చదువు రాని, తమ సంగతి తాము రాసిపెట్టుకోని జనం చరిత్రను ఏ ఆధారాలతో రాయాలి? ఇంట్లో విన్న మాటలను, పాటలను ఎంతవరకు నమ్మవచ్చు? సామాన్యుల చరిత్ర అన్నాక వైస్రాయిలను, నాయకులను పూర్తిగా వదిలేయాలా? రాసేది పిల్లల కోసం కాబట్టి తప్పు రాయడానికి భయపడుతున్నాను.

పాతదస్త్రం:

మాస్టారికి నమస్కారం. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్ననే మీ మొదటి అధ్యాయానికి పేరుగా పెట్టండి. దానికి జవాబు ఉంది, అందులోనూ చాలా భాగం ప్రభుత్వ కాగితాలలోనే ఉంది.

1877 మొదట్లో కరువు ఖర్చు తగ్గించడానికి లిట్టన్ ప్రభుత్వం సర్ రిచర్డ్ టెంపుల్‌ను దక్షిణాదికి పంపింది. ప్రభుత్వం కూలికి పెట్టించే కరువు పనులకు వచ్చే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యమూ, పైన ఒక అణా ఇస్తే సరిపోతుందని ఆయన తేల్చాడు. టెంపుల్ కూలి అని చరిత్రలో నిలిచిపోయిన మాట ఇదే. పౌను అంటే దాదాపు 450 గ్రాములు. మీ గ్రంథాలయంలో ఒక త్రాసు పెట్టి, 450 గ్రాముల జొన్నలు తూచి పిల్లల ముందు పోయండి. అది తిని పొద్దు గుంకేదాకా కంకర కొట్టాలని, మట్టి మోయాలని చెప్పండి. మద్రాసు ప్రెసిడెన్సీ శానిటరీ కమిషనరుగా ఉన్న డాక్టర్ కార్నిష్ ఈ లెక్కను గట్టిగా వ్యతిరేకించాడు. కష్టం చేసే మనిషి ఆ తిండితో క్రమంగా క్షీణిస్తాడన్నది ఆయన వాదన. చివరికి మద్రాసులో ధాన్యాన్ని ఒకటింపావు పౌనుకు పెంచి, పప్పు కూడా చేర్చారు. ఆ రెండు కొలతల మధ్య వ్యత్యాసం దాదాపు 113 గ్రాములు. అది చేరడానికి పట్టిన కాలంలో ఎందరి ప్రాణాలు పోయాయో ఆలోచించినప్పుడు, ఇద్దరు దొరల మధ్య నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలు కూడా సామాన్యుల చరిత్రలో భాగమేనని మీకే తోస్తుంది. మీ మూడో సందేహానికి నా సమాధానం ఇందులోనే ఉంది. వైస్రాయిని వదిలేయవద్దు. ఆయన సంతకం పెట్టిన కాగితం వెంట నడిచి, అది చివరికి ఎవరి ముంతలో ఎన్ని గింజలుగా తేలిందో అక్కడిదాకా వెళ్లండి.

మద్రాసు నగరంలో ఆ కరువు పనుల కిందనే 1877-78లో అడయారు, కూవం నదుల మధ్య కాలువ తవ్వించి, ఉత్తరాన ఉన్న కాలువను దక్షిణాన ఉన్న కాలువతో కలిపారు. ఆ కాలువకు నాటి గవర్నరు బకింగ్‌హాం పేరు పెట్టారు. మన కోస్తా పొడవునా ఆ పేరు ఇవాళ్టికీ అందరి నోటా ఉంది. గంప మోసిన వాళ్లలో ఒక్కరి పేరు కూడా మనకు చేరలేదు. పేర్లు లేవని వాళ్ల గురించి చెప్పడానికి ఏమీ లేదనుకోకండి. వాళ్లకు ఇచ్చిన కూలి తెలుసు, తవ్విన కొలత తెలుసు, పనులు విడిచి వెళ్లిపోయిన సందర్భాలు తెలుసు.

వెళ్లిపోవడం అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. బొంబాయి ప్రెసిడెన్సీలో కూలి తగ్గించినప్పుడు వేలాది మంది కరువు పనులనే మానుకుని వెళ్లిపోయారు. ఆకలితో ఉన్న మనిషి దొరికిన పని వదులుకుని వెళ్లాడంటే అది సమ్మె. దొరల నివేదికలలో మాత్రం అది మొండితనంగా, సోమరితనంగా కనిపిస్తుంది. రణజిత్ గుహా, ఆయనతో పాటు 1982 నుంచి సబాల్టర్న్ స్టడీస్ (అట్టడుగు జనం చరిత్ర) సంపుటాలు తెచ్చిన చరిత్రకారులు మనకు నేర్పిన చదువు ఇదే. అధికారి "అల్లరిమూక" అని రాసిన చోట ఎవరు, ఎందుకు, ఎవరి మాట మీద గుమిగూడారని అడగాలి. "అకస్మాత్తుగా" అన్న చోట అంతకుముందు ఎన్ని అర్జీలు పెట్టుకున్నారో వెతకాలి. కాగితం రాసినవాడు శత్రువే కావచ్చు. అయినా అణచడానికి వచ్చినవాడు, తాను అణచినదేమిటో రాయక తప్పదు కదా.

దీనికి ఒక్క ఉదాహరణ విపులంగా చెబుతాను, ఎందుకంటే మీ పిల్లలకు ఆ పేరు ఎలాగూ తెలుసు. గోరఖ్‌పూర్ జిల్లా చౌరీచౌరాలో 1922 ఫిబ్రవరి 4న జనం ఠాణాకు నిప్పు పెట్టారు, ఇరవై మందికి పైగా పోలీసులు చనిపోయారు, గాంధీజీ సహాయ నిరాకరణను ఆపేశారు. పాఠ్యపుస్తకంలో ఆ ఊరికి ఉన్న చోటు ఈ ఒక్క వాక్యమే. ఆ జనం ఎవరో అందులో ఉండదు. చరిత్రకారుడు షాహిద్ అమీన్ ఆ ఊళ్లకు వెళ్లి, కోర్టు కాగితాలనూ ముసలివాళ్ల మాటలనూ పక్కపక్కన పెట్టి చదివాడు. అంతకు కొద్ది రోజుల ముందే బజారులో మాంసం ధరల మీద, కల్లు, సారా దుకాణాల మీద వలంటీర్లు ఒత్తిడి తెస్తుంటే, ఠాణేదారు వాళ్లలో ఒక మాజీ సిపాయిని కొట్టాడు. దానికి సంజాయిషీ అడగడానికే ఆ రోజు జనం కదిలారు. తరువాత 225 మంది మీద విచారణ జరిపి, సెషన్స్ కోర్టు 172 మందికి ఉరిశిక్ష వేసింది. అలహాబాదు హైకోర్టు 1923 ఏప్రిల్‌లో అందులో 19 మందికి దాన్ని ఖాయం చేసింది. వాళ్లను ఉరి తీశారు.

నేను మరిచిపోలేనిది ఇంకొకటి. శిక్ష అనుభవించిన ఒకతని భార్య, బాగా వృద్ధురాలు, అమీన్‌తో మాట్లాడుతూ వలంటీర్లను "ఓటియార్లు" అన్నది. వాళ్లు ఇంటింటికీ వచ్చి చిటికెడు గింజలు అడుక్కునేవారని, కాషాయం కట్టుకునేవారని చెప్పింది. కాంగ్రెసు వలంటీరు అనగానే మనకు తెల్ల ఖద్దరు గుర్తొస్తుంది. ఆమెకు భిక్షకు వచ్చిన సన్యాసి గుర్తొచ్చాడు. ఆ బట్టల రంగు గురించి తగువు పడేకంటే, స్వరాజ్యం అన్న మాట ఆ పల్లెలోకి ఏ వేషంలో ప్రవేశించిందో ఆమె చూపిస్తోందని గ్రహించడం మేలు. మీ రెండో సందేహానికి ఇది కొంత సమాధానం. ఇంటి మాటను తేదీల కోసం అడగకండి, దానికి కోర్టు కాగితం ఉంది. ఆ సంఘటనను జనం ఏమనుకున్నారన్నది మాత్రం ఇంటి మాటే చెప్పగలదు.

నేతింటి ఆడపడుచు:

పాతదస్త్రం గారు చెప్పినదంతా మగవాళ్ల పనుల చుట్టూ తిరిగింది కాబట్టి ఒక చిన్న చేర్పు. పారిశ్రామిక విప్లవం వల్ల మన నేత దెబ్బతిన్నదని అన్ని పుస్తకాలూ రాస్తాయి. మగ్గం మీద కూర్చున్న నేతకారుడి బొమ్మ వేస్తాయి. కానీ మగ్గం కంటే ముందే ఆగిపోయింది రాట్నం. నూలు వడికేది ఆడవాళ్లు, అందులోనూ విధవరాళ్లు, ముసలమ్మలు. మా ఇంట్లో మూడు తరాల నుంచి మిల్లు నూలుతోనే నేశారు కాబట్టి, ఇంట్లో రాట్నం తిరిగిన రోజులు ఎవరికీ గుర్తు లేవు.

1828లో సమాచార్ దర్పణ్ అనే బెంగాలీ పత్రికలో శాంతిపూర్‌కు చెందిన ఒక నూలు వడికే స్త్రీ ఉత్తరం అచ్చయింది. తన వయసు "అయిదున్నర గండాలు" ఉన్నప్పుడు భర్త పోయాడని ఆమె చెబుతుంది. గండా అంటే నాలుగు; మన పల్లెల్లో పుంజీల్లో లెక్కపెట్టినట్టు ఆమె తన వయసును నాలుగుల్లో లెక్కపెట్టుకుంది. అంటే 22 ఏళ్లు. ముగ్గురు ఆడపిల్లలు. తకిలీ, రాట్నం పట్టుకుని నూలు తీసి ఇల్లంతా పోషించింది. నేతవాళ్లే ఇంటికి వచ్చి, అడిగిన ధర ఇచ్చి, ముందుగా బయానా కూడా ఇచ్చి కొనుక్కుపోయేవారు. తరువాత విలాయతీ నూలు వచ్చింది, నేతవాళ్లు రావడం మానేశారు. ఆ నూలు ధర విని ఆమె నమ్మలేకపోయింది. అంత తక్కువకు అమ్ముకుంటున్నారంటే ఆ దేశపు ఆడవాళ్లు తనకంటే దుఃఖంలో ఉన్నారేమో అనుకుంది. ఆ నూలు బట్ట రెండు నెలలు కూడా నిలవదని, అక్కడి వడికేవాళ్లు ఇది ఆలోచించాలని వేడుకుంది.

ఆమెకు మాంచెస్టరు మిల్లుల సంగతి తెలియదు. అవతల ఉన్నది యంత్రమని తెలియదు. అవతల కూడా తనలాంటి ఒక ఆడమనిషి కూర్చుని వడుకుతోందని ఊహించుకుని ఆమెతో మాట్లాడింది. ఎగుమతి దిగుమతుల పట్టిక పక్కన ఈ ఉత్తరం సారాంశం పెట్టండి మాస్టారూ. పట్టిక అబద్ధం చెప్పదు, కానీ రాట్నం ఆగిన ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో అది చెప్పలేదు.

దర్బన్ నుంచి:

నేను విజయనగరం వాణ్ణి, ఉద్యోగరీత్యా దక్షిణాఫ్రికాలో ఉంటున్నాను. భారతదేశ చరిత్ర అంటే భారతదేశం లోపల జరిగినదే కానక్కరలేదని చెప్పడానికి రాస్తున్నాను.

మద్రాసు రేవు నుంచి ట్రూరో అనే ఓడ 342 మందితో బయలుదేరి 1860 నవంబరు 16న ఇక్కడికి చేరింది. అప్పటి నుంచి 1911 వరకు దర్బన్ ఉన్న ఈ నేటాల్ ప్రాంతానికి ఒప్పందం మీద వచ్చిన కూలీలు మొత్తం 1,52,184 మంది. ఇంత కచ్చితంగా ఎందుకు చెప్పగలుగుతున్నామంటే, ప్రతి మనిషికీ ఒక సంఖ్య వేసి రిజిస్టరు రాశారు కాబట్టి. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు అన్నీ ఆ గడులలో ఉంటాయి. విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల ఊళ్ల పేర్లు, తెల్లవాడి చెవికి వినబడినట్టుగా వంకరపోయి కనిపిస్తాయి. ఆ పేర్లను పైకి రెండు మూడు సార్లు చదివితే గాని అది ఏ ఊరో తేలదు. కాగితం మీద చదివితే అర్థం కాని ఊరు, మన నోటితో పలికేసరికి దొరుకుతుంది. పుట్టుమచ్చ, కాలిన మచ్చ అంటూ రాసుకున్న గడిని నేను మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను. పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్న గుర్తులవి. ఇప్పుడు తమ ముత్తాత ఎవరో తెలుసుకోవాలనుకునే కుటుంబాలకు ఆ గడులే దిక్కు.

ఒప్పందం అయిదేళ్లు, మొదటి ఏడాది కూలి నెలకు పది షిల్లింగులు. ఒప్పందం తీరాక ఇక్కడే ఉండిపోవాలనుకునేవాళ్ల మీద 1895 చట్టంతో ఏటా మూడు పౌన్ల పన్ను వేశారు. మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు, అంటే మొదటి ఏడాది కూలి లెక్కన ఆరు నెలల సంపాదన. భార్యకు వేరుగా, ఎదిగిన పిల్లలకు వేరుగా ఆ పన్ను కట్టాలి. కట్టలేనివాడు మళ్లీ ఒప్పందం రాసి చెరకు తోటలోకి పోవాలి. అసలు ఉద్దేశం అదే.

1913లో గాంధీజీ నడిపిన సత్యాగ్రహంలో ఈ పన్ను రద్దు ఒక ప్రధానమైన కోరిక. న్యూకాజిల్ బొగ్గు గనులలో సమ్మె మొదలైంది. గాంధీజీని నవంబరులో జైలులో పెట్టాక, ఆయన లేకుండానే అది కోస్తాలోని చెరకు తోటలకు పాకింది. నాయకుడు జైలులో ఉంటే ఉద్యమం ఆగకుండా పెరిగిందంటే, అంతకుముందు ఏళ్ల తరబడి ఆ పన్ను కట్టినవాళ్ల లోపల అది ఎలా రగిలిందో అర్థమవుతుంది. 1914లో పన్ను రద్దయింది. గాంధీజీ ఆ ఏడే ఓడ ఎక్కి వెళ్లిపోయారు, సమ్మె చేసినవాళ్లు తోటలలోనే ఉండిపోయారు. పాఠ్యపుస్తకం ఆయనతో పాటు ఇండియాకు వెళ్లిపోతుంది. మీ పుస్తకం ఒక్క పేజీ అయినా ఇక్కడ ఆగితే సంతోషిస్తాను.

బడిపంతులు (అనంతపురం):

మీ ముగ్గురికీ ఎంతో రుణపడి ఉన్నాను. త్రాసు సంగతి నాకు ఎప్పటికీ తట్టి ఉండేది కాదు. ఇంకొక్క సందేహం ఉంది. మన తెలుగువాళ్ల పోరాటం అనగానే పిల్లలకు అల్లూరి సీతారామరాజు గుర్తుకు వస్తాడు. అటువంటి మహావీరుణ్ణి పక్కన పెట్టి జనం గురించి చెబితే, ఆయనను తగ్గించినట్టు అవుతుందేమోనని సంకోచంగా ఉంది. దీనికి ఏం చేయాలి?

మన్యంవాడు:

తగ్గించినట్టు కాదండీ. సీతారామరాజు గారిని మా వాళ్లు ఎందుకు నమ్మారో చెప్పకపోతేనే ఆయనను తగ్గించినట్టు.

ఆ కథను ఆయన పుట్టుకతో కాకుండా రోడ్డుతో మొదలుపెట్టండి. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు కొండల మీదకు రోడ్డు వేయడానికి గూడెం తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్లను పనిలోకి తోలి, న్యాయంగా ఇవ్వాల్సిన కూలి ఎగవేశాడు. తమను అదుపులో పెట్టేందుకు పోలీసులు నడిచి వచ్చే రోడ్డును తామే వేయాలి, ఆ కూలి కూడా చేతికి రాదు. అప్పటికే రిజర్వు అడవి పేరుతో పోడు కొట్టుకోనివ్వడం లేదు, పశువులను మేపుకోనివ్వడం లేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి ఠాణాల మీద దాడి చేసినవాళ్లు ఈ లెక్కలన్నీ గుండెల్లో పెట్టుకునే వెళ్లారు.

దీనికి వెనక ఇంకో తరం ఉంది. 1879లో రంప ప్రాంతంలో చెలరేగిన తిరుగుబాటుకు ముఖ్యమైన కారణం కల్లు మీద వేసిన చిగురు పన్ను. ఇంటి వాడకానికి జీలుగ చెట్టు నుంచి కల్లు దించుకోవడం మా వాళ్లకు తాతల నాటి నుంచి ఉన్న హక్కు. మైదానాల నుంచి వచ్చిన కంట్రాక్టర్లకు ఆ హక్కును వేలం వేసి ఇచ్చారు. అప్పు ఇచ్చిన వ్యాపారి, కొండవాడికి తెలియని కోర్టులో, తెలియని భాషలో డిక్రీ తెచ్చుకుని పశువులను తోలుకుపోయేవాడు. చరిత్రలో ఇవి చిన్న విషయాలుగా కనిపించవచ్చు. జీలుగ కల్లు ఎండాకాలం మా వాళ్లకు తిండి కూడానని తెలిసినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఇక పేర్ల సంగతి. సీతారామరాజు గారితో కలిసి పోరాడిన గాం గంటందొర గ్రామాధికారి పదవి పోగొట్టుకున్నవాడు, ఆయన తమ్ముడు గాం మల్లుదొర. సీతారామరాజు గారు 1924 మే 7న చనిపోవడంతో పాఠం ముగుస్తుంది. మల్లుదొర అండమాన్ జైలు నుంచి బతికి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. రోడ్డు కూలి ఎగవేత నుంచి పార్లమెంటు దాకా ఒకే మనిషి జీవితంలో చెప్పదగిన కథ ఇది. తరగతిలో ఈ పేరు చెప్పిన ఉపాధ్యాయుడు నాకు ఒక్కరూ తారసపడలేదు.

గోదావరిగట్టు:

చర్చ చక్కగా సాగుతోంది. అయినా జనం, సామాన్యులు అన్న మాటలను మనం ఒకే ముద్దగా వాడుతున్నామని నాకు అనిపిస్తోంది. గరిమెళ్ళ సత్యనారాయణ గారి "మాకొద్దీ తెల్లదొరతనము" ఊరూరా మారుమోగిన ఆ రోజుల్లోనే, రాజమండ్రికి చెందిన కుసుమ ధర్మన్న గారు "మాకొద్దీ నల్లదొరతనము" అని రాశారు. రెండూ సామాన్యుల గొంతులే. మొదటి గొంతుకు ఎదురుగా ఉన్నది ఇంగ్లీషు దొర. రెండో గొంతుకు ఎదురుగా ఉన్నది, ఆ మొదటి పాట పాడుకుంటూ వెళ్లిపోయి, ఇంటికి చేరాక మాలమాదిగలను చెరువు దగ్గరకు రానివ్వని పొరుగువాడు. రెండు పాటలూ పక్కపక్కన పెట్టి పిల్లలను చదవమనండి. మీరు వివరణ ఇవ్వకపోయినా వాళ్లకు అర్థమవుతుంది.

చౌరీచౌరాలో చనిపోయినవాళ్లలో ఊరి చౌకీదార్లు కూడా ఉన్నారు. కొద్దిపాటి జీతానికి ఆ పని చేసిన బీదవాళ్లు వాళ్లు. వాళ్ల ఇళ్లలోనూ ఏడుపు వినిపించింది. అది వదిలేసి రాస్తే మనమూ మనకు నచ్చిన జనాన్నే ఎంచుకున్నట్టు.

ఆడవాళ్ల సంగతి తెలంగాణ సాయుధ పోరాటంలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య కాల్పులలో చనిపోవడం, పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్ మనుషులకు ఎదురు నిలిచి తన పంటను కాపాడుకోవడం అందరికీ తెలుసు. 1986లో స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం వాళ్లు ఆ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను వాళ్ల నోటి నుంచే సేకరించి "మనకు తెలియని మన చరిత్ర"గా తెచ్చారు. అందులో వీరత్వం కంటే నన్ను కదిలించినది 1951 తరువాతి మాటలు. పోరాటం విరమించాక, దళాలలో తిరిగిన స్త్రీలు మళ్లీ వంటింటి ముందు నిలబడ్డారు; ఇన్నాళ్లు తిరిగినదానివి ఎవరు చేసుకుంటారని ఇంటివాళ్లు అడిగారు. తుపాకీ దించినవాడికి ఊళ్లో గౌరవం దక్కింది. ఆడదానికి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. పోరాటం ఎప్పుడు ముగిసిందన్న ప్రశ్నకు ఆ స్త్రీల తేదీ వేరుగా ఉంటుంది.

బడిపంతులు (అనంతపురం):

పది రోజులుగా రాయకపోవడానికి కారణం, మీ మాటలను ఆచరణలో పెట్టి చూడటమే. కిందటి ఆదివారం గ్రంథాలయంలో కిరాణా కొట్టు త్రాసు పెట్టి 450 గ్రాముల జొన్నలు తూచాము. రోజుకు ఇంతేనా అని ఒకరు, ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఎలా అని ఇంకొకరు అడిగారు. పొలం పనికి వెళ్లే తల్లి ఉన్న ఒక అబ్బాయి మాత్రం, మా అమ్మ ఒక పూటకే దీంట్లో సగం తింటుంది అన్నాడు. ఆ తరువాత 113 గ్రాములు విడిగా తూచి పక్కన పెట్టాను. కార్నిష్ పేరును ఆ గదిలో ఎవరూ ఇక మరిచిపోరు.

తరువాత పిల్లలకు ఒక పని అప్పగించాను. ఇంట్లో అవ్వలను, తాతలను కరువు కాలంలో ఏం తినేవాళ్లని విన్నారో అడిగి రాసుకుని రమ్మన్నాను. తేదీలు అడగవద్దని చెప్పాను. పదకొండు మంది రాసుకుని వచ్చారు. చింతగింజలను వేయించి, నానబెట్టి, పొట్టు తీసి దంచిన పిండి దాదాపు అందరి కాగితాల్లోనూ ఉంది. తొమ్మిది కాగితాల్లో బలుసాకు ఉంది. బతికుంటే బలుసాకు తినవచ్చు అని నేనే తరగతిలో ఎన్నోసార్లు అన్నాను. అది సామెతగానే తెలుసు తప్ప, ఆ ఆకును నేను ఎన్నడూ చూడలేదు. ఒక అమ్మాయి వాళ్ల అవ్వ, చెరువు కట్ట వెనక ముళ్లపొదల్లో ఆ చెట్టు ఇంకా ఉందని చెప్పిందట. ఆ కట్టను మా ఊళ్లో కరువుకట్ట అంటారు. ఎందుకు అంటారని ఇన్నేళ్లలో నేను ఎవరినీ అడగలేదు. వానలు లేని కాలంలో కూలికి మట్టి పోయించిన కట్ట అని ఆ అవ్వ చెప్పింది. అది ఏ కరువో తేల్చుకోవడానికి చెన్నై ఎగ్మూరులోని పాత దస్త్రాల కార్యాలయానికి వెళ్లి బళ్లారి జిల్లా కాగితాలు చూడాలని నిశ్చయించుకున్నాను. అక్కడ పని చేసిన అనుభవం ఉన్నవాళ్లు, అనుమతికి ఏమేమి తీసుకువెళ్లాలో తెలిపితే మేలు చేసినవాళ్లవుతారు.

మొదటి అధ్యాయం మళ్లీ మొదలుపెట్టాను. ఆ అమ్మాయి ప్రశ్నే దాని పేరు. వచ్చే ఆదివారం పిల్లలతో కలిసి కట్ట వెనక్కి వెళ్తున్నాము. ఆ అవ్వ కూడా వస్తానన్నది, ఏ ఆకు లేతదో, ఎంతసేపు ఉడికించాలో చూపిస్తుందట.